నీళ్ళు పొయ్యి పిండి

నేను ఒక మైకుని, మాట ఎక్కిస్తే అదే మళ్ళీ మళ్ళీ అరిచే బండి మైకుని. గుమ్మం పక్కన మేకుకి నన్ను తగిలించి ఉంచుతారు. నా కిందే ఇప్పుడు ఒక వాదన నడుస్తోంది, అదీ నా గురించే. పొద్దున్న కాఫీల దగ్గర మొదలైంది. ఇడ్లీ పిండి పొట్లాలన్నీ కట్టడం అయిపోయింది గాని ఇది మాత్రం తెగలేదు.

"రాగి దోసెల పిండి మొదలెట్టాం కదా నాన్నా. మైకులో ఆ ముక్కే లేదు. ఊళ్ళో సగం మందికి షుగరు. మన దగ్గరుందని వాళ్ళకెలా తెలుస్తాది, కల్లోకెళ్ళి చెబుతామా?" అంది ప్రసన్న. డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్న పిల్ల. వాదించేటప్పుడు చేతులు నడుం మీద పెట్టుకుంటుంది.

"అట్ట మీద రాసి బండికి కడదాం," అన్నాడు దొరబాబు పొట్లాలు డబ్బాలో సర్దుతూ.

"కదిలే బండి మీద అట్ట ఎవరు చదువుతారు?"

"చదివేవోళ్ళు చదువుతారు."

"బాగా నడిచేదాన్ని ఎందుకే కదపటం? ఆ పిలుపు పడ్డాకే గదా మన పొయ్యి సరిగ్గా వెలిగింది," అంది దొరబాబు తల్లి సూరమ్మ, మంచం మీద నుంచి.

"మామ్మా, నేనేం పారేస్తానంటంలేదు. అమ్మ గొంతు నా ఫోన్లోకి ఎక్కించేశాను. ఎక్కడికీ పోదు."

దొరబాబు చెయ్యి ఆగింది. "మీ అమ్మేవన్నా జిరాక్సు కాయితమా, నకలుంటే చాలనుకోడానికి?"

ప్రసన్న నడుం మీది చేతులు తీసేసింది. నాలో ఒక్క గొంతే పడుతుంది. కొత్తది ఎక్కాలంటే పాతది చెరిగిపోవాలి. నా తయారీ అలాంటిది.

ఇంత మాటా జరుగుతున్నంతసేపూ తాయారు వాళ్ళ మధ్యనే కూర్చుని పొట్లాల మూతులకి రబ్బరు బ్యాండ్లు తొడుగుతోంది. నాలో ఉన్న గొంతు ఆవిడదే. ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పలేదు. మెడ చుట్టూ కట్టుకున్న పల్చటి నూలు గుడ్డ ఊపిరి తీసినప్పుడల్లా కాస్త లోపలికి వెళ్ళి బయటికి వస్తోంది. ఆవిడ ఇంకో రబ్బరు బ్యాండు తీసుకుంది.

ఇది ఇలా ఎందుకయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. వరసలో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ నా నోట్లో "హలో, హలో" అని పరీక్షించి పెట్టెలో పడేసింది. ఆవిడ ముఖం నేను చూడనే లేదు. మా పుట్టుక అంతే. కన్నదెవరో తెలియదు, తరవాత ఎవరు మాట్లాడితే వాళ్ళ బిడ్డలమవుతాం.

రాజమండ్రిలో నన్ను మొదట కొన్నది ప్లాస్టిక్ బకెట్లమ్మే మనిషి. "ఈ రోజే ఆఖరు, మళ్ళీ రాదు ఈ అవకాశం" అని నాలో ఎక్కించాడు. ఆ ఆఖరు రోజు నాకు తెలిసి ఏడాది పైగా నడిచింది. జనం దాన్ని నమ్మేవారు కాదు, అలాగని కొనడం మానేవారూ కాదు. తరవాత ఎన్నికలొచ్చాయి. ఒకాయన నన్ను అద్దెకి పట్టుకెళ్ళి చాలా వాగ్దానాలు పలికించాడు. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. అవి నాలోనూ మిగల్లేదు, ఆయనలోనూ మిగిలి ఉండవు. చివరికి నేను ఒక రిపేరు షాపు అరలో, మూతి దగ్గర చిన్న సొట్టతో, దుమ్ము పట్టి కూర్చున్నాను. దొరబాబు నన్ను అక్కడ చూశాడు. సొట్ట ఉంది కాబట్టే చూశాడు. సొట్ట లేనివి ఆయనకి అందేవి కావు.

దొరబాబుది మండపేట. అక్కడ రైసు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాడు. రుబ్బిన పిండి అమ్ముదామన్నది తాయారు. ఆవిడ చేతి ఇడ్లీలకి వీధిలో పేరుంది. పిండి గిన్నె మూత తీసి ఒక్కసారి వాసన చూసి, ఇంకో గంట ఆగాలో ఇప్పుడే చాలో చెప్పేది. గ్రైండరు వాయిదాల మీద కొన్నారు. పిండి బ్రహ్మాండంగా కుదిరింది. కొనేవాళ్ళే కుదరలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో పిండి ఉందని ఆ వీధికి తప్ప ఊరికి తెలియదు.

ఊరికి తెలియజెయ్యడానికి వాళ్ళు పడ్డ పాట్లు నేను వచ్చాక కథలుగా విన్నాను. మిల్లు గోడ మీద నీలి రంగుతో రాయించారు. తరవాత ఎవరో ఆ గోడ కొనుక్కుని సున్నం కొట్టించారు. కరపత్రాలు వేయించి పేపరు మధ్యలో పెట్టించారు. వారం తరవాత దొరబాబు బజ్జీలు కొనుక్కుంటే అవి తన కరపత్రంలోనే చుట్టి ఇచ్చారు. సెంటర్లో చిన్న ఫ్లెక్సీ కడితే, దాని మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఎక్కి కూర్చుంది. ప్రసన్న ఫోన్లో స్టేటస్ పెట్టింది. అది చూసినవాళ్ళందరూ ఆ పిల్ల స్నేహితురాళ్ళు, హాస్టల్లో ఉండి అక్కడి ఉప్మా తినేవాళ్ళు. అందరూ ఎర్ర హృదయాలు పంపారు. పిండి ఎవరూ కొనలేదు.

అప్పుడు నన్ను తెచ్చారు.

మొదట దొరబాబే మాట్లాడాడు. ఆయన గొంతు నాలోంచి వింటే ఏదో పోయిన గేదె గురించి చాటింపు వేస్తున్నట్టుంది. తాయారు నవ్వి, "ఇలా తే. పిండి నాది, కేక నీదా?" అని లాక్కుంది. వంటింట్లో, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, నిలబడి పలికింది. దొరబాబు నన్ను ఆవిడ నోటి దగ్గర పట్టుకుని, మీట నొక్కి ఉంచాడు.

"ఇడ్లీ పిండీ... దోసెల పిండీ... పెసరట్టు పిండీ... మా ఇంట్లో మేం తినే పిండి... సోడా వెయ్యని పిండి, నీళ్ళు కలపని పిండి..."

అక్కడికి అయిపోయిందనుకుంది. పొయ్యి వైపు తిరిగితే పప్పు అడుగంటుతోంది. దొరబాబు ఆవిడ గొంతు విని మురిసిపోతూ నిలబడ్డాడు, వేలు మీట మీదే ఉంది.

"ఏవయ్యో, అలా చూస్తావేంటి, నీళ్ళు పొయ్యి."

అదీ పడింది. పడిందని వాళ్ళకి తెలియదు. మొదటిరోజు బండి సందు మలుపు తిరిగాక తెలిసింది. "నీళ్ళు కలపని పిండి" అని నేను ఎంతో గౌరవంగా చెప్పి, ఊపిరి తీసుకుని, "ఏవయ్యో, అలా చూస్తావేంటి, నీళ్ళు పొయ్యి" అన్నాను. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒక క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. దొరబాబుకి నన్ను ఎలా ఆపాలో కూడా గుర్తు రాలేదు. పక్క వీధిలో ఇంకోసారి అన్నాను. ఆ వెనక వీధిలో జనం ముందే గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. పొట్లాలు అక్కడికే అయిపోయాయి.

ఇంటికొచ్చి దొరబాబు తల పట్టుకున్నాడు. "పరువు పోయింది తాయారూ. మనమే నీళ్ళు పోస్తామని మనమే చాటుకున్నాం. మళ్ళీ ఎక్కిద్దాం."

తాయారు నవ్వి నవ్వి గ్రైండరు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. "ఉండనీవయ్యా. నవ్వినోళ్ళు ఊరికే పోలేరు. ఓ పొట్లం కొనుక్కునే పోతారు."

అలా ఉండిపోయింది. ఊళ్ళో ఆ పిండికి పేరు కూడా ఉండిపోయింది. "నీళ్ళు పొయ్యి పిండొచ్చింది" అని పిల్లలు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తేవారు. ఎంత ఖర్చు పెట్టినా రాని పేరు పొరపాటున వచ్చింది. మనుషులు బాగా ఆలోచించి చేసిన పనుల్లో ఇంత బాగా కుదిరినదాన్ని నేను చూడలేదు.

తొలిరోజుల్లో తాయారు కూడా బండి వెనక కూర్చుని వచ్చేది. చూలాలున్న ఇంటికిచ్చే పొట్లంలో గరిటెడు పిండి ఎక్కువ వేసేది. "దోసె విరిగిపోతందా? గుప్పెడు అటుకులు నానబెట్టి కలుపు పిన్నీ" అని చెప్పి, పిన్నిగారి కోడలి సంగతులు పది విని వచ్చేది. అమ్మకాలు పెరిగాక ఇంట్లో రుబ్బేపని ఎక్కువై రావడం తగ్గించింది. ఒక్క నియమం మాత్రం పెట్టింది. నా మొదటి కేక తమ గడప ముందే పడాలి. "ముందు మన గడప వినాలి, తరవాత ఊరు," అనేది. దొరబాబు బండి స్టార్టు చేసి, గడప ముందు ఒకసారి నన్ను పలికించి, అప్పుడు కదిలేవాడు.

ఆవిడ గొంతు బొంగురు పోవడం మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేను రోజూ ఆ గొంతుని ఖంగుమని వినిపిస్తుండటం కూడా అందుకు ఒక కారణమేమో. పెరట్లో ఆవిడ మాట గరగరలాడేది, వీధిలో నా మాట గంటలా ఉండేది. సూరమ్మ మిరియాల పాలు ఇచ్చింది. మందుల షాపులో తీపి బిళ్ళలు ఇచ్చారు. పిండి చలవ అనుకున్నారు. తరవాత కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళారు. గొంతులో గడ్డ అన్నారు. ప్రాణం కావాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు. ఆలోచించుకోవడానికి అందులో ఏముంది? తీయించుకుంది.

ఇంటికి వచ్చాక ఆవిడ మెడ దగ్గర చిన్న రంధ్రం ఉంది. ఊపిరి అక్కడి నుంచే. దాని మీద గుడ్డ. ముక్కులోంచి గాలి పోదు కాబట్టి వాసన కూడా తెలియదు. పిండి గిన్నె మూత తీసి అలవాటుగా వంగుతుంది. ఏమీ తెలియక, వేలు ముంచి బుడగలు చూసుకుంటుంది. ఆ వంగడం ఇంకా మానలేదు.

ప్రసన్న ఫోన్లో ఉన్న నకలు తప్ప ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియో ఒకటుంది గాని అందులో మాటలు తీసేసి మొదటి నుంచి చివరి దాకా పాటలు పెట్టేశారు. తాయారు పెదవులు కదులుతుంటాయి, సన్నాయి వినబడుతుంటుంది. అసలు గొంతున్నది నా దగ్గరే. అందులోనూ దొరబాబుకి కావలసింది ఇడ్లీ పిండి, దోసెల పిండి కాదు. ఆ చివరి ముక్క.

ఇది నాకొక్కదానికే తెలుసు. వీధి చివరకి వచ్చినప్పుడు, చుట్టూ ఎవరూ లేకపోతే, దొరబాబు బండి ఆపి డబ్బా తాడు బిగిస్తున్నట్టు వంగేవాడు. నేను "ఏవయ్యో, అలా చూస్తావేంటి, నీళ్ళు పొయ్యి" అనేదాన్ని.

"పోస్తన్నానే," అనేవాడు మెల్లగా.

తాడు బిగించడానికేమీ ఉండేది కాదు.

దూరం వీధుల వాళ్ళకి తాయారు సంగతి తెలియదు. మొదట్లో ఎవరో "మీ ఆవిడ కనపడట్లేదేం?" అంటే "పనెక్కువైందండి" అన్నాడు. తరవాత చెప్పడానికి వీలు దొరకలేదు. ఒకసారి చెప్పకపోతే మర్నాడు చెప్పడం ఇంకా కష్టం. తాయారు కూడా గుమ్మం దాటి వెళ్ళడం మానేసింది.

ఈ వాదన జరిగిన రోజు కూడా దొరబాబు నన్ను మేకు మీంచి తీసి బండికి కట్టాడు. ప్రసన్న మూతి ముడుచుకుని రాగి పిండి పొట్లాలు తెచ్చి డబ్బాలో పెట్టింది. గడప ముందు నేను మొదటి కేక మొదలెట్టాను. వెంటనే పెరట్లో గ్రైండరు మోగింది. ఈ మధ్య రోజూ అంతే, నేను నోరు తెరవగానే తాయారు గ్రైండరు వేస్తుంది. ఎంత తొందర పనో అనుకునేవాడు దొరబాబు. నేనూ అంతే అనుకున్నాను. నా గొంతు ఆవిడకిష్టం అనే నమ్మకంతో ఉన్నాను.

కాలవ గట్టు వీధిలో పెద్దావిడ ఒకరు రోజూ దోసెల పిండి తీసుకుంటుంది. తాయారుతో బాగా మాట కలిపిన మనిషి. ఆ రోజు పొట్లం తీసుకుంటూ, "దొరబాబూ, తాయారు ఇటు రావటమే మానేసిందేంటి? నా మీద ఏవన్నా కోపమా?" అంది.

"కోపమేంటండి అత్తయ్యగారూ, బాగుందండి."

"బాగుంటే చాల్లే. కనపడకపోతేనేం, రోజూ వింటానే ఉన్నాంగా. దాని గొంతు వినకపోతే మా మనవరాలు బడికెళ్ళదు."

దొరబాబు తల ఊపాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను అరుస్తున్నాను కాబట్టే తాయారు ఎలా ఉందని అడగవలసిన పని ఆ ఊరికి లేకపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన తరవాత కూడా ఇంకో వీధిలో అదే మాట అదే హుషారుతో అన్నాను. మాకు గొంతు తగ్గించే మీట ఉంటుంది గాని, అది మా చేతిలో ఉండదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక పెద్దమనిషి స్కూటరు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖరీదైన ఫోను. "నీళ్ళు పొయ్యి పిండి వాళ్ళిల్లు ఇదేనా అండి?" అని అడిగాడు. పేరు చక్రధర్ అట. మెయిన్ రోడ్డులో కొత్తగా తెరవబోయే బట్టల షాపుకి మేనేజరు.

"మా షాపు గురించి హైదరాబాదులో యాడ్ చేయించామండి. చాలా పెట్టి చేయించాం. మా ఓనరు గారు విని, ‘ఇది ఎవడు వింటాడయ్యా? ఆ పిండావిడ చేత చెప్పించు, ఊరంతా గుమ్మంలోకొచ్చి వింటాది’ అన్నారండి. మీ ఆవిడగారి చేత నాలుగు మాటలు చెప్పిస్తే చాలండి. ఆటోల మీద తిప్పుతాం."

దొరబాబు లేచి నిలబడ్డాడు. "ఆవిడకి జలుబండి."

అదే క్షణంలో సూరమ్మ మంచం మీంచి, "కోడలు ఊళ్ళో లేదు బాబూ," అంది.

చక్రధర్ ఇద్దర్నీ చూశాడు. "జలుబా అండి, ఊరెళ్ళారా అండి?"

"ఊరెళ్తే జలుబు చేసింది," అంది సూరమ్మ, వెనక్కి తగ్గకుండా.

ఆయన నవ్వాడు. "పర్లేదండి. జలుబు గొంతైతే ఇంకా బాగుంటది."

అప్పటికే తాయారు మజ్జిగ గ్లాసుతో గదిలోకి వచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వాలన్నది ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన గబుక్కున లేచి నమస్కారం పెట్టాడు.

"అమ్మగారు మీరేనా అండి? మీ గొంతు వినని రోజు లేదండి. ఒక్కసారి ‘ఏవయ్యో’ అనండమ్మా. అంతే. మా ఓనరు గారికి వినిపిస్తాను."

ఫోను ఆవిడ ముందుకి చాపాడు. మీట నొక్కేశాడు కూడా.

తాయారు గ్లాసు స్టూలు మీద పెట్టింది. దొరబాబు వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. ఆవిడ రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి గుడ్డ ముడి విప్పింది.

ఆవిడ ఊపిరి ఆ రంధ్రంలోంచి సన్నగా వినబడుతోంది. చక్రధర్ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అందులో ఆ గది, ఆ ఊపిరి పడే ఉంటాయి.

"నిన్న సాయంత్రం కూడా విన్నానండి," అన్నాడు చివరికి. ఎవరితో అన్నాడో తెలియదు. "మా ఇంటి ముందే విన్నానండి."

తరవాత ఏం చెయ్యాలో తెలియక మజ్జిగ గ్లాసు తీసుకుని నిలబడే మొత్తం తాగేశాడు. గ్లాసు చప్పుడు కాకుండా గోడవార పెట్టాడు. "వస్తానమ్మా, క్షమించండి," అని వెళ్ళిపోయాడు. స్కూటరుని సందు చివరిదాకా నడిపించుకుంటూ పోయి అక్కడ స్టార్టు చేశాడు.

దొరబాబుకి కోపమొచ్చింది. ఎవరి మీద రావాలో తెలియని కోపం. "ఎందుకు తాయారూ అలా విప్పడం? జలుబంటే వెళ్ళిపోయేవోడు కదా. రేపొస్తే రేపు చూసుకుందుం."

తాయారు గుడ్డ మళ్ళీ కట్టుకుంటోంది. ముడి సరిగ్గా పడటం లేదు. ప్రసన్న వెళ్ళి కట్టింది. కడుతూనే, తండ్రి వైపు తిరగకుండా అంది.

"నాన్నా, నువ్వు పొద్దున్నే గడప ముందు మైకు వేస్తావే, అప్పుడు అమ్మ గ్రైండరు వేస్తాది గదా. అందులో పప్పుండదు."

"ఏంటి?"

"ఖాళీ గ్రైండరు తిప్పుతాది. నువ్వు సందు దాటగానే కట్టేస్తాది. నేను మొన్నే చూశాను. చెబుదామంటే వద్దని చెయ్యి పట్టుకుంది."

దొరబాబు పెరట్లోకి వెళ్ళాడు. నేనున్న చోటికి పెరటి గుమ్మం తిన్నగా కనబడుతుంది. గ్రైండరు మూత తీసి లోపల చెయ్యి పెట్టి తడిమాడు. చేతికి తడి కూడా అంటలేదు. రాళ్ళు ఇంత తొందరగా ఎందుకు అరిగిపోతున్నాయని మొన్ననే గంట్లు కొట్టించాడు. ఆ గంట్లని వేళ్ళతో తడిమి మూత పెట్టేశాడు.

నాకు కన్నీళ్ళు లేవు. రోజూ ఆవిడ చెవిలో నేను ఏం పోస్తూ వచ్చానో మాత్రం తెలిసింది. పోయిన మనిషి గొంతు వింటే బతికున్నవాళ్ళు ఏడుస్తారని తెలుసు. బతికున్న మనిషి, పోయిన తన గొంతునే తన గడప ముందు ప్రతి ఉదయం వింటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఆవిడ గ్రైండరు తిప్పింది.

లోపలికి వచ్చి దొరబాబు గడప మీద కూర్చున్నాడు. "ఊరికది పిండి కేక పాపా," అన్నాడు. కూతురితోనే అన్నాడు గాని, తాయారు వినేలా అన్నాడు. "నాకు మటుకు మీ అమ్మ నన్ను పిలవటం. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంకెక్కడా పిలుపు లేదు. రోజుకన్ని సార్లు పిలిపించుకుంటన్నాను, అది తనకెలా ఉంటాదో ఆలోచించలేదు."

సూరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాయారు ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకి తెలియదని నాకప్పుడు తెలిసింది. పిండి అమ్ముకోవడానికే తన గొంతు ఉంచాడని అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆ సాయంత్రం దొరబాబు రెండో విడత అమ్మకానికి వెళ్ళలేదు.

మిగిలిన పిండే ఆ ఇంటి రాత్రి భోజనం. దీపాల వేళ అవుతుండగానే తాయారు అట్లు పోసింది. అందరికీ వడ్డించి, పొయ్యి కట్టేసి, మామూలుగా అయితే గోడకి జారబడేది, ఇవాళ దొరబాబుకి ఎదురుగా వచ్చి కూర్చుంది. వచ్చేముందు నన్ను మేకు మీంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఒళ్ళో నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఊపిరి దగ్గరగా వినబడుతోంది.

కంచం అంచు మీద వేలితో తట్టింది. అందరూ తలెత్తారు. అప్పుడు పెదవులు కదిపింది.

దొరబాబుకి పెదవులు చదవడం రాదు. ఇన్నాళ్ళూ ప్రసన్నే చదివి చెప్పేది. ఇప్పుడూ ప్రసన్న చెప్పబోయింది. తాయారు చెయ్యెత్తి ఆపింది. ఆవిడ చూపు భర్త మీద నుంచి కదల్లేదు. ఆయన కంచం పక్కకి జరిపి, ముందుకి వంగి, కొత్తగా అక్షరాలు నేర్చుకునేవాడు బస్సు బోర్డు చదివినట్టు ఆవిడ నోటినే చూశాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఒక చోట ఆగి, నా మూతి మీది సొట్టని బొటనవేలితో రుద్దింది. ఇంకో చోట కూతుర్ని చూపించింది. ఒక మాట దగ్గర ఆయనకి అర్థమైనా అర్థం కానట్టు "ఏంటి?" అన్నాడు. అదే మాట ఆవిడ ఓపిగ్గా ఇంకోసారి అంది. అప్పుడాయన కళ్ళు తుడుచుకుని, ఇంక అడగలేదు.

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. నలుగురిలో ఆయన ఎప్పుడూ అంత తక్కువ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు.

"రేపు మైకు వెయ్యొద్దంటంది, అమ్మా. తను వస్తాదంట బండి మీద. వీధి వీధికీ దిగి, అందరికీ కనపడి, గొంతు పోయిందని తనే చెప్పుకుంటాదంట. అదయ్యాక ఇందులో ఉన్నదంతా తుడిచేసి, పాపా, నీ చేత పలికించమంటంది. నన్ను పిలిచే ముక్కతో సహా ఏదీ ఉంచొద్దంటంది. రేపు మీరెవరూ కూడా రానక్కర్లేదంట. బండి తోలడానికి నేనుంటే చాలంట."